అడిగిన పేర్లు

2023 ఆగస్టు 20, ఆదివారం. పామూరు

అధిక శ్రావణం పోయింది, నిజ శ్రావణం వచ్చింది. వాన రెండిట్లోనూ లేదు. కంది విత్తనం ఇంకా గోతాల్లోనే. అన్న పలకరించి తువ్వాలు భుజాన వేసుకుని చేనికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నారుమడి చూపించాడు. పొగనారు. లేత ఆకుల కొసలు కిందికి వంగి, ఈనెలు దగ్గరకు లాగినట్టు ముడుచుకున్నాయి. అన్నీ కాదు. చెరువు నీళ్ళు చల్లిన మళ్ళే. బోరు నీళ్ళు చల్లిన మడి పచ్చగా ఉంది.

"మందుల కొట్టాయన తెల్లదోమ అంటున్నాడు. నాకైతే నమ్మకం లేదు. చెరువులో తూటికాడకి ఎవరో గడ్డిమందు కొట్టినారంట. మీ ల్యాబులో అది తెలుస్తదా?"

తెలుస్తుంది అన్నాను. ఆలోచించకుండానే.

ఆగస్టు 21

బోరు నీళ్ళు గిన్నెలకీ గుడ్డలకీ. చెరువు నీళ్ళు గొడ్లకీ నారుకీ. తాగడానికి క్యాను. చిన్నప్పుడు ఒకే బిందె ఉండేది, అన్నిటికీ అదే.

నాన్న మెడ తిరగదు. పిలిస్తే నడుం దగ్గర్నుంచి మనిషంతా తిరుగుతాడు. కనిగిరి, పామూరు వైపు ఇలాంటి మెడలు అరుగు అరుగునా కనబడతాయి. ఫ్లోరైడు పళ్ళ మీద గారై కనబడుతుంది, ఎముకల్లో బిగుసుకుంటుంది. గడ్డిమందు ఎక్కడ కనబడుతుంది?

ఫ్లోరైడుకి లీటరుకి 1 మిల్లీగ్రాము హద్దు, వేరే గతి లేకపోతే 1.5. నేను వెతకబోయేది మిల్లీగ్రాములో వెయ్యోవంతుని, ఇంకా దాని ముక్కల్ని. నాన్నకి చెప్పాను.

"కనపడనిదాన్ని ఎతికేదెందుకు?" అన్నాడు.

ఆగస్టు 28. హైదరాబాద్

ఐఎస్ 10500. 2012 నాటి తాగునీటి ప్రమాణం. పురుగుమందుల పట్టిక ఎన్నిసార్లు చూసి ఉంటాను! రిపోర్టు కోసం చూశాను. మా చెరువుని మనసులో పెట్టుకుని ఎప్పుడూ చూడలేదు.

అందులో కలుపుమందులు అయిదే. అలాక్లోర్ 20, అట్రజిన్ 2, బ్యూటాక్లోర్ 125, 2,4-డి 30, ఐసోప్రొట్యూరాన్ 9. లీటరుకి మైక్రోగ్రాములు.

అలాక్లోర్‌ని 2020 డిసెంబరు ఆఖరుతో దేశంలోనే ఆపేశారు. ఐసోప్రొట్యూరాన్ గోధుమ చేలది. పామూరులో గోధుమ ఎవరు వేస్తారు? కందిలో, మినుములో కొట్టే ఇమాజెథాపైర్ ఇందులో లేదు. సెనగకి ముందు కొట్టే పెండిమెథాలిన్ లేదు. గట్ల మీద గ్లైఫోసేట్ లేదు. ఈ పట్టిక పట్టుకుని మా చెరువుకి వెళితే ఎవరింటికో వెళ్ళవలసిన చుట్టాన్ని మా గడపలో వెతికినట్టు ఉంటుంది.

2,4-డి మాత్రం ఉంది. పొగాకుకి అదంటే అస్సలు పడదు. పక్క చేలో కొట్టిన తుంపర గాలికి వచ్చి తగిలినా ముడుచుకుంటుంది. పత్తి కూడా అంతే. అన్న అనుమానం ఊరికే పుట్టలేదు.

సెప్టెంబరు 2

ల్యాబులో మూలన పాత గ్యాస్ క్రొమటోగ్రాఫ్. దానికి ఈసీడీ డిటెక్టరు. లోపల నికెల్-63 పూసిన పలచటి రేకు, అది ఆగకుండా ఎలక్ట్రాన్లు వదులుతూ ఉంటుంది. క్లోరిన్ ఉన్న పదార్థం వస్తే వాటిని లాగేసుకుంటుంది, కరెంటు తగ్గుతుంది. తగ్గినంత మేర లెక్క. లవ్‌లాక్ అనే శాస్త్రవేత్త 1957లో చేశాడు. డీడీటీ ఎక్కడెక్కడికి పాకిందో లోకానికి తెలిసింది ఇలాంటి పెట్టెల వల్లనే.

సార్ దాన్ని తీసెయ్యనివ్వరు. "2,4-డి కావాలంటే ముందు డయజోమీథేన్‌తో మిథైల్ ఎస్టర్ చేసేవాళ్ళం. అది పేలే సరుకు. తలుపులు తీసి పెట్టుకుని చేసేవాళ్ళం. మీరు కొత్త యంత్రంలో వయల్ పెట్టేసి ఇంటికెళ్తారు."

నిజమే. వయల్ పెట్టేసి ఇంటికెళ్తాం. పొద్దున వచ్చేసరికి అంకెలు సిద్ధంగా ఉంటాయి.

సెప్టెంబరు 17, ఆదివారం. పామూరు

అంబర్ సీసాలు పాత చీరల్లో చుట్టి తెచ్చాను. ఎండ తగిలితే కొన్ని మందులు విరిగిపోతాయి, అందుకని ఆ రంగు గాజు. ఒక సీసాలో మాత్రం ల్యాబు నీళ్ళు నింపుకుని వచ్చాను. అమ్మ దాన్ని ఎత్తి చూసింది.

"ఇదేంది?"

"హైదరాబాద్ నీళ్ళు. చెరువు కాడ మూత తీసి, కాసేపు ఉంచి, మళ్ళీ మూత పెట్టి తీసుకుపోవాలి."

అమ్మకి నవ్వు ఆగలేదు. వీధంతా చెప్పింది. ఊళ్ళో నీళ్ళకి జనం అల్లాడుతుంటే మా అమ్మాయి నీళ్ళకి ఊరు చూపిద్దామని తెచ్చిందని.

ఫీల్డ్ బ్లాంక్ గురించి ఇంతకన్నా బాగా ఏ శిక్షణలోనూ చెప్పలేదు నాకు. ఊరు చూసొచ్చిన నీళ్ళలో ఏదైనా తేలితే అది గాలిదో, సీసాదో, నా చేతిదో. చెరువుది కాదు.

నీళ్ళు బాగా తగ్గాయి. మోకాళ్ళ లోతు దాకా నడిచి, సీసాని పైతెట్టు తగలకుండా జానెడు లోతులో ముంచాను. గేదెలు కళ్ళార్పకుండా చూశాయి. గట్టు మీద తుమ్మచెట్టు కింద ఖాళీ డబ్బాలు. కొన్నిటికి లేబుళ్ళు చెదిరిపోలేదు.

సెప్టెంబరు 18, వినాయక చవితి

పత్రికి అన్న కూతురు చిన్ని, నేనూ వెళ్ళాం. మారేడు, ఉమ్మెత్త, జిల్లేడు దొరికాయి. గరిక లేదు. గట్టు పొడుగునా ఎండి గడ్డం మాసినట్టు ఉంది. "నాన్న మందు కొట్టినాడత్తా," అంది చిన్ని.

గరికంత మొండిది ఉందా? గుంటక తోలితే తెగిన ప్రతి ముక్కా మొలిచేది. తాత తిట్టే తిట్లన్నీ దానికే. వినాయకుడి దగ్గరికొచ్చేసరికి అదే ముందు కావాలి. చివరికి గుడి వెనక కొళాయి దగ్గర నాలుగు పోచలు దొరికాయి.

గ్లైఫోసేట్ కొట్టడానికి 2022 అక్టోబరు నుంచి పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే అనుమతి. గెజిట్లో ఉంది. మా గట్టు దాకా ఆ గెజిట్ రాలేదు.

అన్నని ఏమీ అనలేదు. కలుపు తీసేవాళ్ళంతా బెంగుళూరులో, హైదరాబాదులో బిల్డింగుల పనుల్లో ఉన్నారు. నేనూ హైదరాబాదులోనే ఉన్నాను.

సెప్టెంబరు 20. హైదరాబాద్

మందుని పట్టి ఉంచే కాట్రిడ్జిలోంచి చెరువు నీళ్ళు నేరుగా దిగవు. ముందు గ్లాస్ ఫైబర్ కాగితంలో వడకట్టాలి. 0.7 మైక్రాన్. కాగితం మీద ఎర్రటి ఒండ్రు నిలిచింది.

పారేయమంటుంది పద్ధతి. పరీక్ష నీళ్ళకే కదా. కానీ పెండిమెథాలిన్ లాంటిది నీళ్ళలో దాదాపు కరగదు. లీటరుకి మిల్లీగ్రాములో మూడోవంతు కరిగితే గొప్ప. మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. ఒండ్రుతో పాటు దాన్నీ పారేసి, "నీళ్ళలో లేదు" అని రాస్తాం. గేదె వడకట్టుకుని తాగుతుందా?

వడకట్టిన నీళ్ళని పీహెచ్ 2కి దించాను. ఆమ్లంలో ఉంటేనే 2,4-డి నీటిని వదిలి కాట్రిడ్జికి అంటుకుంటుంది. ముందు మిథనాల్, తర్వాత నీళ్ళు, తర్వాత శాంపిల్. నడుమ ఎండనివ్వకూడదు. నిమిషానికి 5 మిల్లీలీటర్లు. అర లీటరు దిగడానికి గంటన్నర పైనే. అక్కడే కూర్చున్నాను. చివరికి అర లీటరు సంగతంతా ఒక మిల్లీలీటరులోకి వచ్చింది.

ఒండ్రు కాగితాల్ని రేకులో చుట్టి ఫ్రీజరులో పెట్టాను. ఎందుకో.

సెప్టెంబరు 22

బ్లాంక్ శుభ్రం. ఊరు చూసొచ్చిన నీళ్ళకి ఏమీ అంటలేదని అమ్మకి చెప్పాలి.

చెరువు శాంపిల్: 2,4-డి లేదు. అట్రజిన్ లేదు. బ్యూటాక్లోర్ లేదు. అదే చెరువు నీటిలో తెలిసినంత మందు కలిపి చూసినది 70 - 120 శాతం మధ్యే తిరిగొచ్చింది. పద్ధతిని వేలెత్తి చూపడానికి లేదు.

ఎన్‌డీ. అంటే కనబడలేదు. రిపోర్టులో ఇంతే. అందరూ దీన్ని సున్నా అని చదువుకుంటారు. నాయిజ్‌కి మూడింతలు లేస్తే చూశాం అంటాం. పదింతలు లేస్తే ఇంత అని అంకె వేస్తాం. దాని కింద ఏముందో మాకు పని లేదు. అడగని పేరు ఎంత ఎత్తున లేచినా అసలు కనపడదు, ఆ బరువు దగ్గర యంత్రం చూడనే చూడదు కాబట్టి.

అన్నకి ఫోను.

"లేదంటావు. అయితే దోమేనా?"

"ఇప్పుడు లేదంటున్నా."

"నారు ముడుచుకున్నది పోయిన నెల కదమ్మా."

అవును. తూటికాడకి కొట్టిన రోజు ఎవరికీ గుర్తులేదు. నేను నీళ్ళు పట్టింది ఇంకెప్పుడో. 2,4-డి వారాల్లో విరిగిపోతుంది. ముడుచుకున్న ఆకు మాత్రం అలాగే ఉంది.

మరి ఆ ఆకు చూసినది ఏమిటి?

సెప్టెంబరు 24

నిద్ర పట్టక లెక్క వేశాను. పెండిమెథాలిన్ 30 ఈసీ లీటరు డబ్బా. అందులో అసలు మందు 300 గ్రాములు. 30 కోట్ల మైక్రోగ్రాములు. లీటరు నీటికి 0.1 చొప్పున పంచితే 300 కోట్ల లీటర్లకి వస్తుంది. మోపాడు లాంటి రిజర్వాయరు గురించి ఆలోచించాల్సిన నీళ్ళు అవి, మా చెరువు ఏ మూలకి?

లెక్కకే లే. అంతా నీళ్ళలోకి రాదు. మట్టి పట్టుకుంటుంది, ఎండ విరగ్గొడుతుంది, సూక్ష్మజీవులు తింటాయి. వందలో ఒకటి కొట్టుకొచ్చినా చాలా ఎక్కువే.

ఇంత చిన్నదాన్ని చూడగలగడం గర్వించాల్సిన సంగతా, భయపడాల్సిన సంగతా?

అక్టోబరు 23, దసరా. పామూరు

ఆయుధ పూజ. పార, పలుగు, కొడవళ్ళు, మోటారు స్టార్టరు. వరసలో చివర తైవాన్ స్ప్రేయర్, దాని ట్యాంకుకి కుంకుమ బొట్టు, నాజిల్‌కి బంతిపువ్వు. గుంటక పశువుల కొట్టంలో గోడకి ఆనించి ఉంది. దానికి ఎవరూ బొట్టు పెట్టలేదు. నాన్న చూసి, లేచి వెళ్ళి తనే పెట్టాడు.

మధ్యాహ్నం చిన్నితో తుమ్మచెట్టు కిందికి. గ్లౌజులు వేసుకుని నేను డబ్బాలు తిప్పుతుంటే అది పేర్లు చదివి నోటుబుక్కులో రాసింది. కంపెనీ పేరు వద్దు, కింద చిన్నక్షరాల్లో ఉన్నది చదవమన్నాను. తొమ్మిదో తరగతి పిల్ల, నాలుక తిరగక నవ్వుతూ చదివింది. ఇమాజెథాపైర్. క్విజలోఫాప్ ఇథైల్. ఆక్సీఫ్లోర్‌ఫెన్. పెండిమెథాలిన్. బిస్పైరిబాక్ సోడియం, అంటే పై కయ్యల వరిది. 2,4-డి అమైన్ సాల్ట్. ఆ డబ్బా పాతది, మట్టిలో సగం కూరుకుపోయింది.

ఇవాళ ఈ చెట్టు కింద తెలిసినంత నాకు ఏ ప్రమాణంలోనూ తెలియలేదు. అయిదింటి పట్టికలోవి ఇక్కడ ఎన్ని? ఒక్కటి.

ముడుచుకున్న మళ్ళు అన్న దున్నేశాడు. నారు కందుకూరు వైపు నుంచి కొనుక్కొచ్చి నాటాడు. దోమా, మందా అన్నది ఇక ఎవరికీ అక్కర్లేదు. నాకు తప్ప.

నవంబరు 12, దీపావళి. పామూరు

సెనగ వేశారు. విత్తిన వెంటనే, మొలక రాకముందే మందు. అన్న అరచేతులు పసుప్పచ్చగా ఉన్నాయి. పెండిమెథాలిన్ రంగు. సబ్బుకి పోదు. ఆ చేతుల్తోనే చిచ్చుబుడ్డి వెలిగించాడు, ఆ చేతుల్తోనే అరిసె విరిచి నాకో ముక్క ఇచ్చాడు. తిన్నాను.

ఇంకో సంగతి తెలిసింది. గట్ల మీద గడ్డిమందు కలపడానికి అన్న క్యాను నీళ్ళు వాడతాడట.

"బోరు నీళ్ళలో కలిపితే పనిచెయ్యదు. ఉప్పు నీళ్ళు కదా. చప్ప నీళ్ళకైతే వారంలో మాడిపోతది. కొంతమంది యూరియా కలుపుతారు."

గ్లైఫోసేట్‌ని కాల్షియం పట్టేసుకుంటుందని నేను పుస్తకంలో చదువుకున్నాను. అన్న గట్టు మీద చదువుకున్నాడు. గట్టిగా నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావంది వదిన. మనం తాగే నీళ్ళకీ, గరికని చంపే నీళ్ళకీ ఒకే బండి వస్తోందని.

కొన్ని అంబర్ సీసాలు అటక మీద పెట్టి వచ్చాను. మొదటి పెద్ద వానకి.

డిసెంబరు 4. హైదరాబాద్

మిచౌంగ్ తుఫాను. నెల్లూరు, ఒంగోలు అంతా వానేనట. అన్న ఫోనులో చినుకుల చప్పుడు తప్ప మాట వినబడలేదు. సెనగ మొలకల మీద నీళ్ళు నిలిచాయి. నేను "చెరువులోకి వాగు వస్తోందా?" అని అడిగాను. కాసేపు పలకలేదు.

నా అవసరం వాన. అన్న అవసరం వాన ఆగడం. ఆ ప్రశ్న రేపు అడిగినా పోయేది.

డిసెంబరు 5

బాపట్ల దగ్గర తీరం దాటింది. మధ్యాహ్నం అన్నే చేశాడు. "నీ సీసా ఎట్ట ముంచాలో చెప్పు."

చెప్పాను. వాగు చెరువులో కలిసేచోట. మూతి ప్రవాహానికి ఎదురు. మూత లోపల వేలు పెట్టొద్దు. పసుపు చేతుల్తో పట్టుకోవద్దు, చిన్నితో పట్టించు. వీడియో పంపారు. నడుముకి తాడు కట్టుకుని అన్న, గట్టు మీద సీసా ఎత్తి పట్టుకుని చిన్ని. నీళ్ళు టీ రంగులో.

చేపల కొట్టు ఐసు, థర్మోకోల్ పెట్టె, రాత్రి బస్సు.

డిసెంబరు 8

పీక్. చిన్నది. 2,4-డి రావలసిన నిమిషానికే వచ్చింది. 219 బరువున్నది విరిగి 161 బరువు ముక్క అయింది. క్లోరిన్‌లో 35 బరువుదీ, 37 బరువుదీ ఉంటాయి. కాబట్టి 221 నుంచి 163కి కూడా రావాలి, మొదటిదానిలో సుమారు మూడింట రెండు వంతుల ఎత్తున. అక్కడంతా నాయిజ్. ఉందనుకుంటే ఉంది. నిష్పత్తి కుదరలేదు.

మళ్ళీ ఇంజెక్ట్ చేశాను. అలాగే ఉంది.

బీఎల్‌క్యూ అని రాయాలి. అంకె వెయ్యడానికి చాలనంత. అది 2,4-డి అని ప్రమాణం చెయ్యడానికి కూడా చాలదు. పై కయ్యల్లో వరికి కొట్టారా? వయ్యారిభామకా? ఇంకేదో అదే బరువున్నదా?

ఇంకాసేపు చూస్తే నాకు కావలసినట్టు కనబడుతుందని స్క్రీన్ కట్టేశాను.

డిసెంబరు 10, ఆదివారం

ఫ్రీజరులోని ఒండ్రు కాగితాలు గుర్తొచ్చాయి. సెప్టెంబరువి, డిసెంబరువి కలిపి తీశాను. అసిటోనైట్రైల్‌లో కదిపి, వడకట్టి, పెట్టాను.

సెప్టెంబరు కాగితంలో ఏమీ లేదు. డిసెంబరు కాగితంలో పెండిమెథాలిన్. 282 నుంచి 212, 282 నుంచి 194. రెండూ ఒకే నిమిషానికి లేచాయి, నిష్పత్తి కుదిరింది. ఇందులో అనుమానం లేదు. నీళ్ళలో లేదు, ఒండ్రులో ఉంది. ఒండ్రు చెరువులో ఉంది.

ఎంత? చెప్పలేను. ఒండ్రుకి మా దగ్గర వాలిడేట్ చేసిన పద్ధతి లేదు. తెలిసినంత కలిపి చూసి, తిరిగి ఎంత వస్తుందో తేల్చాలి. అది లేకుండా అంకె వేస్తే సార్ కాగితం చింపేస్తారు. చింపాలి కూడా.

అన్న అరచేతులు గుర్తొస్తున్నాయి.

డిసెంబరు 17

బస్టాండులో కొన్న నీళ్ళ సీసా టేబుల్ మీద ఉంది. 2003లో ఢిల్లీలో సీఎస్‌ఈ అనే సంస్థ వాళ్ళు సీసా నీళ్ళలో పురుగుమందులున్నాయని చూపించాక దానికి హద్దు బిగించారు. ఏ ఒక్క మందూ 0.1 దాటకూడదు, అన్నీ కలిపి 0.5. కొళాయి నీళ్ళకి 2,4-డి హద్దు 30. మూడొందల రెట్లు. బ్యూటాక్లోర్‌కి 125. వెయ్యిన్ని రెండొందల యాభై రెట్లు.

రెండూ మైక్రోగ్రాములే. రెండూ మన దేశంవే. డబ్బిచ్చి కొనే గొంతు వేరు, కొళాయి కింద పెట్టే గొంతు వేరా?

అలా అనేస్తే సరిపోదు, తెలుసు. 30 అన్నది ఆరోగ్యం లెక్క, జీవితాంతం తాగినా హాని ఉండదన్న అంచనా. 0.1 ఆరోగ్యం లెక్క కాదు. ఐరోపాలో 1980లో పెట్టినప్పుడు అప్పటి పరికరాలు చూడగలిగిన అంచు అది. నీళ్ళలో మందు ఉండనే ఉండకూడదన్న పట్టుదల. రెండు ప్రశ్నలు వేరు కాబట్టి రెండు జవాబులు.

పామూరులో వచ్చే క్యానుకి ఏ ముద్రా లేదు. దాని హద్దు ఏది? నారుమడికి ఏ హద్దు? పొగనారు కోసం ఎవరూ లెక్క కట్టలేదు.

డిసెంబరు 24

గ్లైఫోసేట్ ఎందుకు చూడవు అని చిన్ని మెసేజ్. దానికి చెప్పలేక చాలాసేపు టైపు చేశాను.

అది ఈ దారిన రాదు. నీళ్ళలో హాయిగా కరుగుతుంది, కాట్రిడ్జిని పట్టించుకోదు. గాజుకి అంటుకుంటుంది, అందుకని దానికి ప్లాస్టిక్ సీసా. తనంతట తాను మెరవదు, ఎఫ్‌మాక్ అనే రంగు తోకని తగిలించి చూడాలి. మా ఊరి నీళ్ళలో కాల్షియం ఎక్కువ, ముందు ఈడీటీఏతో దాన్ని విడిపించాలి. అంటే వేరే సీసా, వేరే కాలమ్, వేరే రోజు. అన్నిటికన్నా ఎక్కువ కొట్టే మందు అన్నిటికన్నా తక్కువగా వెతికే మందు అయింది ఇలాగే.

"అంటే ఉందో లేదో తెలీదా?" అని అడిగింది.

"అడగలేదు," అని పంపాను.

2024 జనవరి 15, సంక్రాంతి. పామూరు

ఆకు కొట్టుడు మొదలైంది. పగలు కర్రలకి అల్లుతున్నారు, రాత్రి బ్యారన్ దగ్గర అన్న కాపలా. నేనూ వెళ్ళి కూర్చున్నాను. వేడి బాగుంది. ఆకు వాసన జుట్టుకి పట్టింది.

చెప్పాను. చెరువు ఒండ్రులో సెనగ మందు ఉందని. ఎంతో చెప్పలేనని. నీళ్ళలో 2,4-డి ఉన్నట్టుంది గాని రాయలేనని.

"గేదెలకి పెట్టొచ్చా నీళ్ళు?"

"పెట్టు. ఫ్లోరైడే దానికన్నా ముందు."

"మరి నీ రిపోర్టు?"

"రిపోర్టు లేదన్నా. కొన్ని కాగితాలున్నాయి."

వదిన అందుకుంది. "ఈ ఆకుకి చేస్తారంట కదా పరీక్ష. కనిగిరి వేలంలో అన్నారు, మందు తేలితే బయటి దేశాలోళ్ళు కొనరంట. ఏది కొట్టాలో ఏది కొట్టకూడదో కాగితం కూడా ఇచ్చినారు."

నిజమే. ఎగుమతి ఆకులో ఏ మందు ఎంత మిగలొచ్చో కొరెస్టా అనే పొగాకు పరిశోధన సంస్థ పట్టికలు ఉన్నాయి. ఎక్కడో ఎవరో కాల్చే సిగరెట్టుకి పట్టిక ఉంది. ఆ పట్టిక బుద్ధిగా అనుసరిస్తాడు అన్న. పొగాకులో కొట్టనిది సెనగలో కొడతాడు. చెరువు ఎవరికీ అమ్ముడుపోదు కదా.

పైకి అనలేదు. ఊరికే అడిగాను. "అన్నా, మందు కొట్టిన రోజు క్యాలెండరు మీద రాస్తావా? పేరు, చేను, అంతే."

"నేను రాయను. చిన్ని రాస్తాది."

జనవరి 27. హైదరాబాద్

సార్‌కి చిన్ని నోటుబుక్కు పేజీలు చూపించాను. చాలాసేపు చూశారు. "ఇది ఏ ప్రమాణంలోనూ లేదు," అన్నారు. నేను మాట్లాడలేదు. "ఇమాజెథాపైర్ పెట్టు. 290 నుంచి 177. స్టాండర్డ్ మన దగ్గర పాతది ఉండాలి, గడువు చూడు," అన్నారు.

గడువు ఉంది. డిసెంబరు సీసాలో కాస్త మిగిలింది గాని ఏడు రోజుల్లో తియ్యాల్సిన నీళ్ళు అవి. దాంతో ఏం చేసినా ఎవరూ ఒప్పుకోరు. ఒండ్రు పద్ధతి వాలిడేషన్‌కి ఊరి నుంచి మందు తగలని మట్టి కావాలి. మందు తగలని మట్టి ఎక్కడ దొరుకుతుంది మా వైపు? కొండ కిందికి పోవాలేమో.

ఫిబ్రవరి 4, ఆదివారం

చిన్ని క్యాలెండరు ఫొటో పంపింది. మూడు గళ్ళలో నీలం పెన్నుతో. "మిరప చేను, క్విజలోఫాప్." "గట్టు, గడ్డిమందు." మూడోది: "ఆలస్యంగా వేసిన సెనగ, టోప్రమెజోన్."

టోప్రమెజోన్? మొక్కజొన్న మందు అది. ఫోను చేశాను.

"మిచౌంగ్‌కి పోయిన చేలో మళ్ళీ వేసినాం కదా. కలుపు ఒకటే వచ్చేసింది. పక్క ఊళ్ళో అందరూ ఇదే కొడుతున్నారు, సెనగ తట్టుకుంటదంట. ఎందుకు, కొట్టగూడదా?"

"కొట్టొద్దనలేదు. నాకు తెలీదంటున్నా."

"నీకు కూడా తెలీదా?"

స్టాండర్డ్ మా దగ్గర లేదు. కొనాలి. పది మిల్లీగ్రాముల పొడికి కొటేషన్ అడిగి చూడాలి సోమవారం. ల్యాబు కొనదు, క్లయింటు ఎవరూ అడగలేదు కాబట్టి. చిన్నిని మళ్ళీ నీళ్ళు పట్టమనాలి, ఈసారి ప్లాస్టిక్ సీసాలో కూడా. డబ్బు సంగతి అన్నకి చెప్పాలా?